వెయిట్‌లిస్ట్‌లో పడ్డాక "మీ కాలేజీ అంటే ఇష్టం" అని ఎన్నిసార్లు చెప్పాలి?

ఎడిసన్_నాన్న | ఏప్రిల్ 3, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి రిజల్ట్స్ అన్నీ వచ్చేశాయి. మా న్యూజెర్సీ రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌లో ఇంజినీరింగ్ వచ్చింది, ఇంకో రెండు పబ్లిక్ యూనివర్సిటీలు అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజుతో వచ్చాయి, మూడు ప్రైవేట్ కాలేజీల్లో వెయిట్‌లిస్ట్. ఆ మూడింట్లో ఒకటంటే వాడికి ప్రాణం. పేరు చెప్పను గానీ వీడి జీపీఏ (స్కూల్ గ్రేడ్ల సగటు), ఎస్ఏటీ పరీక్ష స్కోరు ఆ కాలేజీ సగటు కన్నా ఎక్కువే, అందుకే మింగుడుపడటం లేదు. మా ఆఫీసులో ఒకాయన "మీవాడు ఇంట్రెస్ట్ చూపించలేదు, అక్కడే దెబ్బ తిన్నాడు" అన్నాడు. ఇప్పుడు మా ఆవిడేమో మళ్లీ క్యాంపస్‌కి వెళ్లి అడ్మిషన్స్ ఆఫీసులో కలిసి మాట్లాడదాం అంటోంది, మా బావమరిది అక్కడ చదివిన ఒక డాక్టర్ గారితో లెటర్ రాయిస్తానంటున్నాడు. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది చేస్తే పరువు పోతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో_పద్మ | ఏప్రిల్ 3, రాత్రి 11:15

అయ్యో, టెన్షన్ పడకండి అన్నయ్యగారూ, ఈ ఏడాది మా కాలనీలో సగం మంది పిల్లలది ఇదే కథ. ముందు ఒక సంగతి తేల్చుకోండి, ఆ కాలేజీ అసలు ఇంట్రెస్ట్‌ని లెక్కలోకి తీసుకుంటుందా? తీసుకోని కాలేజీకి పదిసార్లు వెళ్లొచ్చినా పెట్రోల్ ఖర్చే.

డేటా_మూర్తి | ఏప్రిల్ 3, రాత్రి 11:58

పద్మ గారు చెప్పింది ఎలా తెలుసుకోవాలో చెబుతాను. కాలేజీ పేరు, పక్కన కామన్ డేటా సెట్ (కాలేజీ తన అడ్మిషన్ల అంకెలు ఏటా ప్రకటించే పత్రం) అని గూగుల్‌లో కొట్టండి, పీడీఎఫ్ వస్తుంది. అందులో సీ7 అనే చోట ఒక పట్టిక ఉంటుంది. హైస్కూల్ మార్కులు, ఎస్సేలు, రికమెండేషన్లు, ఇలా ఒక్కోదానికి ఎంత విలువ ఇస్తారో నాలుగు గడుల్లో టిక్ పెడతారు: చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం. పట్టిక అడుగున అప్లికెంట్ ఇంట్రెస్ట్ అనే వరుస ఉంటుంది, మీక్కావలసింది అదే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు పరిగణించం అనే గడిలో టిక్ పెడతాయి. మన పిల్లలందరూ ఎగబడే కార్నెగీ మెలన్ అయితే దీన్ని చూడటం మానేశామని కొన్నేళ్ల కిందటే బాహాటంగా చెప్పింది. అమెరికన్ యూనివర్సిటీ, కేస్ వెస్టర్న్, లీహై లాంటివి చూస్తాయి.

అదే పీడీఎఫ్‌లో సీ2 కూడా చదవండి. వెయిట్‌లిస్ట్ ఎంతమందికి ఇచ్చారు, అందులో ఉంటామని ఎంతమంది ఒప్పుకున్నారు, చివరికి ఎంతమందికి సీటిచ్చారు, మూడు అంకెలూ ఉంటాయి. ఒక్క ఏడాదిది చూసి ఆశ పెంచుకోవద్దు, వదులుకోవద్దు కూడా. నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది, ఒకే కాలేజీ ఒక ఏడాది వందలమందిని తీసుకుని మరో ఏడాది దాదాపు ఎవరినీ తీసుకోకుండా ఊరుకుంటుంది.

సన్నీవేల్_శ్రీను | ఏప్రిల్ 4, ఉదయం 7:20

నాకు అర్థం కానిది ఒకటే. మార్కులు ఉన్నాయా లేదా చూడాలి గానీ "నా మీద ప్రేమ ఉందా" అని కాలేజీ అడగడం ఏమిటండీ? మన దగ్గర ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నాం, వచ్చిన సీటు తీసుకున్నాం. ఏ కాలేజీ వాడూ మేం వాడి ఈమెయిల్ తెరిచామా లేదా అని చూడలేదు. ఇదంతా యూఎస్ న్యూస్ పత్రిక ఇచ్చే కాలేజీ ర్యాంకింగ్ కోసం ఆడే డ్రామా. మంచి పిల్లలకి సీటిస్తే వాళ్లు పైకాలేజీకి పోతారు, యీల్డ్ (ఆఫర్ ఇచ్చినవాళ్లలో నిజంగా చేరేవాళ్ల శాతం) పడిపోతుంది, ర్యాంకు పడిపోతుంది, అందుకని ముందే వెయిట్‌లిస్ట్‌లో పడేస్తారు. ఎడిసన్ గారి అబ్బాయికి జరిగింది అదే.

డేటా_మూర్తి | ఏప్రిల్ 4, ఉదయం 8:05

శ్రీను గారూ, సగం ఒప్పుకుంటా. యూఎస్ న్యూస్ వాళ్లు యీల్డ్‌ని లెక్కలోంచి 2003లోనే తీసేశారు, ఎంత శాతం మందికి సీటిస్తారు అన్నదాన్ని 2018లో తీసేశారు. కాబట్టి ర్యాంకు ఒక్కటే కారణం అంటే కుదరదు. కానీ కాలేజీకి యీల్డ్ భయం నిజమే. వెయ్యి సీట్లుంటే ఏ మూడువేల మందికో ఆఫర్ ఇవ్వాలి, అందులో ఎందరు వస్తారో ఊహించాలి. వందమంది తగ్గితే ఆ ఫీజు నాలుగేళ్ల పాటు పోయినట్టే, వందమంది ఎక్కువైతే డార్మ్‌లో మంచాలు చాలవు. అప్పులకు రేటింగ్ ఇచ్చే ఏజెన్సీలు కూడా ఈ అంకె చూస్తాయి. "ఈ పిల్లాడు వస్తాడా" అన్న ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది.

మంచి పిల్లలు వేరే చోటికి పోతారని భయపడతారన్న మీ రెండో మాటకు మాత్రం ఆధారం ఉంది. లీహైలో పనిచేసే ఆర్థికవేత్తలు కొందరు ఒక కాలేజీ అప్లికేషన్లు తీసుకుని 2017లో ఒక పేపర్ వేశారు. క్యాంపస్‌కి రావడం లాంటి కష్టపడి చూపించే ఆసక్తికి, ఊరికే ఈమెయిల్‌లో అడిగే ప్రశ్నల కన్నా విలువ ఎక్కువని తేలింది. అది ఎస్ఏటీ ఎక్కువున్న పిల్లలకే ఎక్కువ కలిసొచ్చిందట. ఎక్కువ స్కోరున్న పిల్లాడు వేరే చోటికి పోతాడనే కదా అనుమానం, ఆ అనుమానం ఎక్కువున్న చోటే ఇష్టం చెప్పుకోవడం పనికొస్తుంది.

కాలేజీ_కుర్రాడు | ఏప్రిల్ 4, ఉదయం 9:31

అంకుల్, నేను ఇప్పుడు కాలేజీలో ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది), కిందటేడు వెయిట్‌లిస్ట్ నుంచే వచ్చాను. శ్రీను అంకుల్, ఈమెయిల్ తెరిచామా లేదా చూడటం జోక్ కాదు, చాలా కాలేజీల అడ్మిషన్స్ ఆఫీసులు వాడే స్లేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు మెయిల్ ఓపెన్ చేశారు, ఏ లింక్ నొక్కారు అన్నీ కనబడతాయి. చూసేవాళ్లు చూస్తారు, చూడనివాళ్లు చూడరు. నా ఫ్రెండ్స్ చాలామంది కాలేజీ మెయిల్స్ అన్నీ స్పామ్‌లో పడేస్తారు, దానివల్లే పోయింది అనను గానీ రోజూ రెండు నిమిషాలు పెట్టి తెరిస్తే పోయేదేం లేదు కదా.

నాకు జరిగింది చెప్తా. మార్చి ఆఖర్లో వెయిట్‌లిస్ట్, పోర్టల్‌లో ఉంటాను అని నొక్కాను. వేరే కాలేజీకి డిపాజిట్ కట్టేశాను, టీషర్ట్ కూడా కొన్నాను. ఏప్రిల్ మధ్యలో ఒక లెటర్ పంపాను, దాన్ని ఇక్కడ అందరూ ఎల్ఓసీఐ (లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంట్రెస్ట్) అంటారు. మే రెండో వారంలో స్కూల్లో లంచ్ టైమ్‌లో అడ్మిషన్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ అడిగిన మొదటి మాట, "ఇప్పుడు ఆఫర్ ఇస్తే వస్తావా?" అని. కంగ్రాట్స్ లేదు, ఏం లేదు. వస్తానన్నాక గానీ పోర్టల్‌లో లెటర్ రాలేదు, ఆ తర్వాత రెండు రోజుల్లో ఖాయం చేయమన్నారు. మొదటి కాలేజీ డిపాజిట్ పోయింది. అమ్మ ఇప్పటికీ ఆ టీషర్ట్‌తో వంటింటి గట్టు తుడుస్తుంది.

ఫ్రిస్కో_పద్మ | ఏప్రిల్ 4, ఉదయం 10:02

హహ బాబూ, ఆ టీషర్ట్ మాట బాగుంది. ఆ లెటర్‌లో ఏం రాశావో కాస్త చెప్పు నాన్నా, మా అమ్మాయికి పనికొస్తుంది, అది రాసిన డ్రాఫ్ట్ చూస్తే పెళ్లి శుభలేఖలా ఉంది.

కాలేజీ_కుర్రాడు | ఏప్రిల్ 4, ఉదయం 10:40

పెద్దగా ఏం లేదు ఆంటీ. ఒక పేజీ కూడా లేదు. మొదటి లైన్లోనే, సీటిస్తే తప్పకుండా వస్తాను అని రాశా, అది నిజం కాబట్టి. తర్వాత జనవరి నుంచి కొత్తగా జరిగినవి, సెకండ్ క్వార్టర్ గ్రేడ్లు, మా రోబోటిక్స్ టీం స్టేట్‌కి వెళ్లడం. ఆ తర్వాత అక్కడ ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో జరిగే పని, దానికీ నేను స్కూల్లో చేసిన ప్రాజెక్టుకీ ఉన్న సంబంధం. అప్లికేషన్‌లో రాసింది మళ్లీ రాయలేదు. మీ క్యాంపస్ చాలా అందంగా ఉంది అనేది అస్సలు రాయలేదు, అది అందరూ రాస్తారు.

కమింగ్_కళ్యాణి | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 1:17

నేను ఇక్కడ జార్జియాలో ఒక పబ్లిక్ హైస్కూల్ కౌన్సెలింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఎడిసన్ గారి ప్రశ్నకి నా జవాబు కాస్త కటువుగా ఉండొచ్చు, ఏమీ అనుకోకండి.

మీరూ, మీ ఆవిడా వెళ్లి అడ్మిషన్స్ ఆఫీసులో కూర్చోవద్దు. ఫోన్ కూడా చేయొద్దు. మాట్లాడాల్సింది మీ అబ్బాయి, రాయాల్సింది మీ అబ్బాయి. అమ్మానాన్నలు నడిపిస్తున్నారని అనిపించిన క్షణాన ఆ పిల్లాడి ఆసక్తి మీద వాళ్లకి నమ్మకం పోతుంది. డాక్టర్ గారి లెటర్ సంగతి, ఆయన మీ అబ్బాయికి పాఠం చెప్పలేదు, పని చేయించలేదు, ఆయనకి తెలిసింది మీ బావమరిది. అడగని లెటర్లు పంపొద్దని చాలా కాలేజీలు పోర్టల్‌లోనే రాస్తాయి, రాశాక కూడా పంపితే చెప్పింది చదవని కుటుంబం అని తెలిసిపోతుంది. మన ఊళ్లో ఎమ్మెల్యే లెటర్ పట్టుకెళ్లే అలవాటు ఇక్కడ వదిలేయాలి. ఒకావిడ ఆఫీసుకి స్వీట్ బాక్స్ కొరియర్ చేసింది కూడా నాకు తెలుసు, వద్దు తల్లీ వద్దు.

ఇక చేయాల్సినవి. పోర్టల్‌లో వెయిట్‌లిస్ట్ ఒప్పుకోవడం (మీరు నొక్కకపోతే మీరు లేనట్టే, ఇది చాలామందికి తెలియదు). కాలేజీ ఏం పంపమంటే అదే పంపడం, ఫారం ఇస్తే ఫారం, లెటర్ అప్‌లోడ్ చేయమంటే లెటర్, ఏమీ వద్దంటే ఏమీ వద్దు. స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి కొత్త గ్రేడ్లు పంపించమని, కాలేజీ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఈ కాలేజీయే వాడి మొదటి ఎంపిక అని చెప్పమని అడగడం. ఈ ఆఖరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఫోన్ నిజంగానే వస్తుంది. తప్పకుండా వస్తాను అనే వాక్యం ఒక్క కాలేజీకే రాయాలి. మూడింటికీ రాస్తే అది అబద్ధం, కౌన్సెలర్‌ని ఇరకాటంలో పెట్టినట్టు.

ఎడిసన్_నాన్న | ఏప్రిల్ 4, రాత్రి 9:12

కళ్యాణి గారూ, కటువేం లేదండీ, స్వీట్ బాక్స్ ఆలోచన మా ఇంట్లో కూడా వచ్చింది. డేటా సెట్ చూశాను, ఆ కాలేజీ "పరిగణిస్తాం" గడిలో ఉంది. సీ2లో ఒక ఏడాది బాగా తీసుకున్నారు, తర్వాతి ఏడాది చాలా తక్కువ. ఇంకో సందేహం, వీడు వెయిట్‌లిస్ట్‌లో ఎన్నో నంబర్ అని అడగొచ్చా? అది తెలిస్తే కాస్త నిద్ర పడుతుంది.

డేటా_మూర్తి | ఏప్రిల్ 4, రాత్రి 9:50

అడిగినా చెప్పరు, ఎందుకంటే చాలా చోట్ల నంబరే ఉండదు. మన రైల్వే వెయిటింగ్ లిస్ట్‌లా ముందువాడు క్యాన్సిల్ చేసుకుంటే మీరు ఒక మెట్టు ఎక్కే పద్ధతి కాదిది. డిపాజిట్ గడువు మే 1 దాటాక ఎవరు తగ్గారో చూసుకుంటారు, నర్సింగ్‌లో ఖాళీలున్నాయా, ఇంజినీరింగ్‌లోనా, ఫలానా రాష్ట్రం నుంచి తక్కువయ్యారా, పూర్తి ఫీజు కట్టేవాళ్లు కావాలా. ఆ ఖాళీకి సరిపడేవాణ్ణి లిస్ట్ లోంచి తీస్తారు. కంప్యూటర్ సైన్స్ నిండిపోయి ఫిలాసఫీ ఖాళీగా ఉంటే మీవాడు ఎంత బంగారమైనా పిలుపు రాదు.

అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం ఎన్ఏసీఏసీ 2018 అడ్మిషన్ల మీద చేసిన సర్వేలో, వెయిట్‌లిస్ట్‌లో ఉంటామన్న వాళ్లలో సగటున 20 శాతం మందికి సీటొచ్చింది, బాగా కఠినమైన కాలేజీల్లో అది 7 శాతమే. ఆ 7 మనసులో పెట్టుకుని రట్గర్స్ డిపాజిట్ కట్టేయండి.

సన్నీవేల్_శ్రీను | ఏప్రిల్ 4, రాత్రి 10:30

"పూర్తి ఫీజు కట్టేవాళ్లు" అన్నారు చూడండి, అసలు కిటుకు అక్కడ ఉంది. నీడ్ బ్లైండ్ (కుటుంబం డబ్బు చూడకుండా సీటివ్వడం) అని గొప్పగా చెప్పుకునే కాలేజీల్లో కొన్ని వెయిట్‌లిస్ట్ దగ్గరికొచ్చేసరికి డబ్బు చూస్తాయి. అప్పటికి ఎయిడ్ (ఆర్థిక సాయం) బడ్జెట్ అయిపోయి ఉంటుంది మరి. మెరిట్ స్కాలర్‌షిప్ కూడా మిగిలేది అరుదు. ఆసక్తి చూపించడమూ అంతే, విమానం టికెట్లు కొని క్యాంపస్‌లు తిరిగేవాడిదే ఆసక్తి, స్కూల్ అయ్యాక గ్యాస్ స్టేషన్‌లో పనిచేసే పిల్లాడికి ఆసక్తి లేనట్టా?

కమింగ్_కళ్యాణి | ఏప్రిల్ 4, రాత్రి 11:04

ఇది మాత్రం న్యాయమైన మాట. అందుకే దూరంగా ఉన్నవాళ్లు రాలేదని కొన్ని కాలేజీలు తప్పు పట్టవు, ఆన్‌లైన్ సెషన్‌కి హాజరైనా నమోదు చేసుకుంటాయి. కానీ గంటలో డ్రైవ్ చేసి వెళ్లగలిగే చోట ఉండి ఒక్కసారీ వెళ్లకపోతే గమనిస్తారు. నా దగ్గరికొచ్చే తొమ్మిదో, పదో క్లాసు పిల్లలకు నేను చెప్పేది: డబ్బు ఖర్చు లేని ఆసక్తి మీ చేతిలోనే ఉంది, "మా కాలేజీయే ఎందుకు" అని అడిగే ఎస్సే. అందులో కాలేజీ పేరు తీసేసి వేరే పేరు పెట్టినా సరిపోయేలా ఉంటే అది ఆసక్తి కాదు. వెయిట్‌లిస్ట్ లెటర్ కన్నా ఆ ఎస్సే పది రెట్లు పని చేస్తుంది, అయితే అది నవంబర్, డిసెంబర్ నెలల్లో చేయాల్సిన పని.

అన్నిటికన్నా గట్టి ఆసక్తి ఈడీ, ఎర్లీ డెసిషన్. సీటొస్తే వచ్చి తీరతానని సంతకం పెట్టడం. అదీ డబ్బున్నవాళ్లకే సుఖం, ఎందుకంటే నాలుగు కాలేజీల ఎయిడ్ పోల్చుకునే అవకాశం పోతుంది. సంతకం పెట్టి వెనక్కి తగ్గితే పిల్లాడితో ఆగదు, 2025లో టులేన్ ఒక హైస్కూల్ పిల్లలకి ఏడాది పాటు ఈడీ లేకుండా చేసింది, ముందటేడు ఒక్క విద్యార్థి ఈడీ మాట తప్పినందుకు.

సన్నీవేల్_శ్రీను | ఏప్రిల్ 4, రాత్రి 11:20

మన మేనేజ్‌మెంట్ కోటా నయం, కనీసం రేటు మొహం మీదే చెప్తారు.

ఆష్‌బర్న్_రవి | ఏప్రిల్ 5, ఉదయం 6:55

అందరూ జాగ్రత్త, మా వాట్సాప్ గ్రూపులో ఒక కన్సల్టెంట్ "వెయిట్‌లిస్ట్ ప్యాకేజీ" అని తిరుగుతున్నాడు. వేల డాలర్లు అడుగుతున్నాడు, లోపలివాళ్లతో పరిచయాలున్నాయట. ఏం ఇస్తావయ్యా అంటే లెటర్ రాసిపెడతాను, వారం వారం ఫాలోఅప్ మెయిల్ పంపుతాను అన్నాడు. వారం వారం మెయిల్ పంపితే అడ్మిషన్స్ ఆఫీసర్ బ్లాక్ చేస్తాడేమో గానీ సీటిస్తాడా? కిందటేడు మా పక్కింటివాళ్లు ఇలాంటివాడికే కట్టారు, రెండు కాలేజీలకీ ఒకే లెటర్ వెళ్లింది, ఒకదాంట్లో రెండో కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది.

నేనో ప్రశ్న అడుగుతా. రెండు కాలేజీలకి డిపాజిట్ కట్టి మే నెలంతా ఆలోచించుకోవచ్చని కొందరు అంటున్నారు, నిజమేనా?

కమింగ్_కళ్యాణి | ఏప్రిల్ 5, ఉదయం 8:48

చేయకూడదు రవి గారూ. ఒకచోట డిపాజిట్, ఇంకోచోట వెయిట్‌లిస్ట్, ఇది మామూలే, అందరూ చేస్తారు, తప్పు కాదు. రెండుచోట్ల డిపాజిట్ కడితే మాత్రం ఇద్దరికీ అబద్ధం చెప్పినట్టు, తెలిస్తే రెండు ఆఫర్లూ వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. పైగా మీరు పట్టుకుని కూర్చున్న ఆ రెండో సీటు ఇంకో వెయిట్‌లిస్ట్ పిల్లాడిది.

ఇంకొకటి. మే 1 తర్వాత అంతా ఆగిపోతుందని అనుకోకండి. ఒకప్పుడు వేరే కాలేజీలో ఖాయమైన పిల్లల వెంట పడకూడదని ఎన్ఏసీఏసీ నియమావళిలో ఉండేది. అది పోటీని అడ్డుకోవడమేనని ఫెడరల్ న్యాయశాఖ పట్టుబడితే 2019లో తీసేశారు. ఇప్పుడు ఒక పెద్ద కాలేజీ వందమందిని వెయిట్‌లిస్ట్ నుంచి లాగితే, ఆ వందమంది ఖాళీ చేసిన కాలేజీలు వాటి కింది కాలేజీల నుంచి లాగుతాయి, ఇలా జూన్, ఒక్కోసారి జులై దాకా నడుస్తుంది. 2020లో కోవిడ్ వల్ల ఇది చాలా పెద్ద ఎత్తున జరిగింది. 2024లో ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే కొత్త ఫాఫ్సా ఫారం ఆలస్యమై చాలా కాలేజీలు మే 1 గడువునే మే 15కో, జూన్ 1కో జరిపాయి.

ఇర్వింగ్_లక్ష్మి | ఏప్రిల్ 5, ఉదయం 11:36

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం హెచ్1బీ, మా అమ్మాయి మా మీద ఆధారపడి ఉండే హెచ్4 వీసా. మూడో క్లాసు నుంచి టెక్సస్‌లోనే చదివింది, స్కూల్లో టాప్ 5 శాతంలో ఉంది కాబట్టి యూటీ ఆస్టిన్ వచ్చింది, కోరుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) రాలేదు (ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గానీ మేజర్‌కి కాదు కదా). ఒక ప్రైవేట్ కాలేజీ వెయిట్‌లిస్ట్‌లో ఉంది. ఎయిడ్ లేకుండా మాకు కష్టం. వెయిట్‌లిస్ట్ ఫారంలో ఎయిడ్ కావాలి అని రాస్తే అవకాశం పోతుందా? రాయకుండా సీటొచ్చాక అడగొచ్చా?

డేటా_మూర్తి | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 12:20

లక్ష్మి గారూ, హెచ్4 పిల్లలకి ఫాఫ్సా కింద ఫెడరల్ ఎయిడ్ రాదు, ఎక్కువ ప్రైవేట్ కాలేజీలు ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ విద్యార్థిగానే లెక్కేస్తాయి, ఇక్కడే పెరిగినా సరే. ఇంటర్నేషనల్ వాళ్లకి కూడా డబ్బు చూడకుండా సీటిచ్చేవి కొన్నే, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్, బోడెన్ లాంటివి. మిగతా చోట్ల ఎయిడ్ అడగడం అవకాశాన్ని తగ్గిస్తుంది, వెయిట్‌లిస్ట్‌లో ఇంకా తగ్గిస్తుంది, ఉన్నమాట. అయినా దాచి తర్వాత అడిగితే లాభం లేదు. అప్లికేషన్ టైమ్‌లో అడగని ఇంటర్నేషనల్ విద్యార్థికి నాలుగేళ్లూ ఇవ్వమని చాలా కాలేజీలు ముందే రాసేస్తాయి.

కాలేజీ_కుర్రాడు | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 12:51

ఆంటీ, యూటీలో లోపలికి వెళ్లాక మేజర్ మార్చుకోవడానికి ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ ఉంటుంది. కష్టమే, ముఖ్యంగా సీఎస్, ఇంజినీరింగ్‌లకి. కానీ టెక్సస్‌లో హెచ్4 వాళ్లకి ఇన్-స్టేట్ ఫీజు దొరుకుతుంది, అది పెద్ద విషయం. ఆ ప్రైవేట్ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి తననే మెయిల్ చేయమనండి, "వెయిట్‌లిస్ట్ నుంచి తీసుకున్న హెచ్4 వాళ్లకి నీడ్ ఎయిడ్ ఇస్తారా" అని ఒక్క లైన్. ఇవ్వరు అంటే ఆ లిస్ట్ లోంచి తప్పుకుని ప్రశాంతంగా ఉండొచ్చు.

ఇర్వింగ్_లక్ష్మి | ఏప్రిల్ 5, సాయంత్రం 4:15

మెయిల్ పంపింది బాబూ. ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, ఐదు పనిరోజుల్లో జవాబిస్తారట.

ఫ్రిస్కో_పద్మ | ఏప్రిల్ 5, సాయంత్రం 5:40

యూసీల గురించి ఎవరికైనా తెలుసా? మా చెల్లెలి కూతురికి డేవిస్, అర్వైన్ రెండూ వెయిట్‌లిస్ట్. ఒకసారి ఒప్పుకుంటే రెండింటికీ సరిపోతుందా?

సన్నీవేల్_శ్రీను | ఏప్రిల్ 5, సాయంత్రం 6:22

సరిపోదండీ, ఏ క్యాంపస్ పోర్టల్‌లో ఆ క్యాంపస్‌కి విడిగా నొక్కాలి, గడువు కూడా అక్కడే ఉంటుంది, మే 1 కన్నా ముందే అయిపోతుంది కాబట్టి రేపే చూడమనండి. ఏదైనా రాయమని పోర్టల్‌లో పెట్టె ఇస్తే అందులోనే రాయాలి, బయట నుంచి లెటర్లు పంపొద్దు. ఆసక్తి చూపించమని యూసీ వాళ్లు అడగరు, ఈ ఒక్క విషయంలో వాళ్లకి నా దండం. వేరే యూసీ ఏదైనా వచ్చి ఉంటే దానికి మే 1 లోపు ఒప్పుకుని డిపాజిట్ కట్టమనండి, తర్వాత డేవిస్ పిలిస్తే మారొచ్చు, ఆ డిపాజిట్ మాత్రం వెనక్కి రాదు.